కత్తికి కుంకుమ, మనిషికి స్టూలు

కారెంపూడి వీరుల తిరునాళ్ళకి మా నరసరావుపేట నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట నాగులేటి ఒడ్డున పోరాడి పోయినవాళ్ళ పేరు చెప్పి ఆయుధాలకి ఇప్పటికీ పసుపూ కుంకుమా పెడతారు మావాళ్ళు. వీరవిద్యావంతులు కథ పాడుతుంటే కళ్ళు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకున్నాను. అందుకే ధైర్యంగా అంటున్నాను: చచ్చిపోయిన వీరుడికి పెట్టే దణ్ణంలో వందో వంతైనా బతికున్న సైనికుడికి పెట్టం మనం!

పోయిన సంక్రాంతి సెలవుల్లో పిల్లల్తో విశాఖపట్నం వెళ్ళాం. బీచ్ రోడ్డుకి ఒక పక్క కురుసుర జలాంతర్గామి, ఎదురుగా టీయూ-142 విమానం. తమాషా చూశారా! ఒకటి సముద్రం అడుగున దాక్కునేది, రెండోది అలాంటివాటినే ఆకాశం నుంచి వేటాడేది. ఇప్పుడు రెండూ పెన్షనర్లలా ఎదురుబొదురుగా కూర్చున్నాయి. జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి 2001లో సెలవు పుచ్చుకుంది. ఈ రకం విమానాలు 1988 నుంచి 2017 దాకా, 29 ఏళ్ళు సముద్రాన్ని కాపలా కాశాయి.

జలాంతర్గామి చూపించిన పెద్దాయన నేవీలో చేసి రిటైరైన మనిషి. డెబ్భైమందికి పైగా ఆ ఇనప గొట్టంలో ఎలా తిన్నారో, ఎలా పడుకున్నారో చేతులు తిప్పుతూ చెబుతుంటే మా చిన్నాడు నోరు తెరుచుకుని విన్నాడు. వెనకనుంచి ఎవరో, "ఆ సోదంతా ఎందుకండీ, కాస్త జరిగితే ఫోటో తీసుకుంటాం" అన్నారు. పెద్దాయన నవ్వి పక్కకి జరిగాడు.

రోడ్డు దాటి విమానం ఎక్కానే గానీ, ఆ జరగడం నా కళ్ళముందునుంచి కదల్లేదు. మా బాబాయి గుర్తొచ్చాడు. ఎయిర్‌ఫోర్సులో విమానాల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఊరొచ్చాక ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో స్టూలు మీద కూర్చున్నాడు, పన్నెండేళ్ళు. "చప్పుడు వింటే చాలమ్మాయ్, ఇంజనుకి యాడ నెప్పో తెలిసిపోద్ది" అన్నాడొకసారి. "అవునా బాబాయ్" అని పాస్‌బుక్కు సంచిలో వేసుకుని వచ్చేశాను. కథల కోసం ఊళ్ళు పట్టి తిరిగేదాన్ని నేను! ఆ చెవి ఆయనతోనే పోయింది.

ఇంగ్లండులో డక్స్‌ఫర్డ్‌లో, అమెరికాలో డేటన్‌లో పెద్ద పెద్ద విమాన మ్యూజియాలున్నాయి. రిటైరైనవాళ్ళెందరో అక్కడికి ఇష్టంగా వచ్చి, పాత విమానాలు బాగుచేస్తారు, వచ్చినవాళ్ళకి వాటి కథ చెబుతారు. ఈ మాట ఇంట్లో అంటే మావారు, "పెన్షన్ వస్తోందిగా, మనవాళ్ళూ ఊరికే వచ్చి చెప్పొచ్చు" అన్నారు. చెబుతారండీ, పిలిస్తే! కానీ ఊరికే చెయ్యడమంటే బస్సు ఛార్జీ కూడా ఇవ్వకపోవడమా? ఎండలో నిలబెట్టడమా? సేవ చేసేది వాళ్ళు. కుర్చీ వెయ్యడం, మంచినీళ్ళివ్వడం, నోరుమూసుకుని వినడం మన వంతు.

"ఉన్నవీ లేనివీ కోతలు కోస్తారు" అనేవాళ్ళూ ఉన్నారు. కొయ్యనివ్వండి! విమానం పొడుగెంతో బోర్డు చెబుతుంది. రాత్రంతా నీళ్ళమీద ఎగురుతుంటే కడుపులో ఎలా ఉంటుందో ఏ బోర్డు చెబుతుంది? చెప్పే మనిషి లేకపోతే అది విమానం కాదు, పాత ఇనుము.

మా పల్నాట్లో విమానం లేకపోవచ్చు. బళ్ళున్నాయి. పేటలో, మాచర్లలో, గురజాలలో మాజీ సైనికులున్నారు. నెలకొక శనివారం ఒక్కరిని పిలిచి పిల్లల ముందు కూర్చోబెట్టడానికి ఏ జీవో కావాలి?

బ్రహ్మనాయుడూ బాలచంద్రుడూ ఇన్నాళ్ళు బతికింది కత్తుల వల్ల కాదు, పాడే గొంతూ వినే చెవీ ఉండబట్టి. ఈసారి బ్యాంకుకెళ్తే గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ స్టూలు మీది మనిషిని ఎక్కడ పనిచేశారని అడగండి. నేను అడగలేదు.