నర్గిస్‌కి రెండు ముఖాలు

ఉర్దూ మీడియంలో చదివే రోజుల్లో నర్గిస్ అంటే మాకు కన్ను. షాయర్లు మాషూఖా కళ్లని ఆ పువ్వుతో పోల్చేవారు. గ్రీకు కథ తర్వాతెప్పుడో తెలిసింది: నీళ్లలో తన సూరత్ చూసుకుని దానిమీదే ఆషిఖ్ అయిపోయిన కుర్రాడు చివరికి ఆ పువ్వయ్యాడట. నార్సిసిజం అన్న పేరు అక్కడిదే. ఉర్దూలో నర్గిసియత్.

ఇప్పుడా మాట మన ఇళ్లలోకీ వచ్చింది. బీవీ షౌహర్‌ని అంటుంది, కోడలు అత్తని అంటుంది. గొంతు పెంచి గొప్పలు చెప్పుకునేవాళ్లు కనిపిస్తే చాలు, ముద్ర పడిపోతుంది. నా ఎతరాజ్ అక్కడే. గురూర్ ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు.

మా మామూ తల దించుకుని మాట్లాడే మనిషి. ఆయనకి తకబ్బుర్ ఉందని ఎవరూ అనరు. కానీ ఓ వలీమాలో దస్తర్‌ఖాన్ దగ్గరికి తనని ముందు పిలవలేదని ముద్ద ముట్టకుండా వెళ్లిపోయాడు. సొంత అన్నతో మూడేళ్లు మాట్లాడలేదు. కొడుక్కి ఫస్ట్‌క్లాస్ వస్తే ముబారక్ చెప్పడానికి బదులు, "నాకు మౌకా దొరికుంటే నేనెక్కడుండేవాణ్ణో" అన్నాడు. 'హస్సాస్ మనిషి' అని మేం సర్దుకున్నాం. నిద్ర పట్టడం లేదని వెళితే డాక్టర్ డిప్రెషన్ అన్నాడు. గోలీలతో నిద్రొచ్చింది. రంజు పోలేదు.

మామూకి ఫలానా బీమారీ అని నేననను. నేను అఖ్బార్‌వాణ్ణి, డాక్టర్ని కాదు. కానీ చదివింది చెబుతాను. అమెరికా సైకియాట్రిస్టుల డీఎస్ఎం అనే పుస్తకంలోకి ఈ డిజార్డర్ 1980లో చేరింది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో దీనికి 9 నిషానీలు, వాటిలో కనీసం 5 ఉండాలి. తారీఫ్ కోసం ఆకలి, అంతా నా హక్కే అన్న ధీమా, ఎదుటివాడి దర్ద్ పట్టకపోవడం... ఎక్కువగా బయటికి కనిపించే గురూరే. చిన్న మాటకి కుమిలిపోవడం, షర్మిందగీతో ముడుచుకుపోవడం వివరణలో ఉన్నాయి గానీ, ఆ 9లో లేవు. పరిశోధకులు మొదటిదాన్ని గ్రాండియోస్ అనీ, రెండోదాన్ని వల్నరబుల్ అనీ అంటారు. ఒకే మనిషిలో రెండూ మారి మారి రావచ్చు.

చిక్కు ఎక్కడంటే, గెలుస్తున్నప్పుడు ఎవరూ డాక్టర్ దగ్గరికి వెళ్లరు. విరిగినప్పుడే వెళతారు. అప్పుడు కనిపించేది ఉదాసీనతే, దాని కిందున్న 'నా హక్కు నాకు దక్కలేదు' అన్న కోపం కాదు. నొచ్చుకునే ప్రతివాడూ నర్గిసియత్ బీమార్ కాదు సుమా. డిప్రెషనూ నిజమే, ఎహ్సాసె కమ్‌తరీ కూడా నిజమే. తేడా ఒక్క రోజులో తెలియదు, ఏళ్ల తరబడి నడిచిన తీరులో తెలుస్తుంది. డాక్టర్ చూసేది పావుగంట. ఇంటివాళ్లు చూసేది ముప్పై ఏళ్లు. ఆ ముప్పై ఏళ్లని మనం 'ఖాందాన్ ఇజ్జత్' అని ఇంట్లోనే దాచి వెళతాం.

దీనికంటూ ప్రత్యేకమైన గోలీ లేదు, మాటలతో చేసే ఇలాజే ముఖ్యం. కాబట్టి ఆ పదాన్ని గాలీలా విసరడం మానేసి, చూసింది చూసినట్టు డాక్టర్‌కి చెబుదాం.

పోయిన నెల మామూ కొడుకు తనూ లోపలికి వెళ్లి వలీమా సంగతి చెప్పాడు. మామూ కోపంతో లేచి వచ్చేశాడు. రెండు వారాలు కొడుకుతో మాట బంద్. తర్వాత ఓ రాత్రి భోజనం దగ్గర, తల ఎత్తకుండానే అడిగాడట: "డాక్టర్ మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడు, బేటా?"