గజ్జె కట్టే పిల్ల, కాచుకునే తల్లి



పిల్లకు నాట్యం నేర్పించవచ్చునా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు తల్లులు అడిగారు. మా అమ్మాయిని 2008లో, ఏడేళ్ళప్పుడు, కూచిపూడి నేర్చుకోవడానికి చేర్చాం. 2017 వరకు నేర్చుకుంది. అన్నేళ్ళూ బస్సులో తీసుకువెళ్ళి, గుమ్మం దగ్గర కూర్చుని, తిరిగి తీసుకువచ్చినదాన్ని గనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

స్టేజీ ఎక్కించాలని తొందరపడకండి. మొదటి రెండేళ్ళు అడుగులే. మోకాళ్ళు పక్కలకు తెరిచి, సగం కూర్చున్నట్టు నిలబడి, ఒకే అడుగును ముందు నిదానంగా, తరువాత రెట్టింపు వేగంతో, ఆపైన దానికి రెట్టింపుతో వేయిస్తారు. చూసేవారికి విసుగే. మావారు ఒకరోజు వచ్చి, "ఏడాదైంది, ఇంకా ఇదేనా?" అన్నారు. ఆ అడుగులు కుదరని పిల్లను తరంగం కోసం ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబెడితే పడేది పిల్లే, మనం కాదు.

పాదం నేలకు కొట్టే విద్య ఇది. సిమెంటు గచ్చు మీద రోజూ సాధన చేస్తే మోకాళ్ళు పట్టేస్తాయి. మాకు అలికిన మట్టి అరుగు ఉండడం మేలైంది. అన్నం తిన్న వెంటనే వద్దు. అలసట పడుకుంటే పోతుంది. రెండు మూడు రోజులైనా తగ్గని నొప్పి ఉంటే సాధన ఆపించి డాక్టరుకు చూపించండి. దుస్తులు కుట్టించేటప్పుడు లోపల మడత ఎక్కువగా వదలమనండి. పిల్ల పొడుగయ్యేకొద్దీ విప్పుకోవచ్చు.

"ఆడపిల్లకు గంతులేమిటి" అన్న మాట మాకూ తప్పలేదు. నిజానికి కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఆడినవారు మగవారే. సత్యభామ వేషానికి పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మ గారూ పురుషుడే. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో అకాడమీ పెట్టాక ఎందరో ఆడపిల్లలు ఆయన దగ్గర నేర్చుకున్నారు. దావీదు మందసము ఎదుట నాట్యమాడితే మీకాలు కిటికీలోనుండి చూచి హీనపరచిన సంగతి రెండవ సమూయేలు ఆరవ అధ్యాయంలో చదువుతాం. సంఘంలో కిటికీలకు కొదవ లేదు.

అయితే పాటల సంగతి నాకు తేలిక కాలేదు. కూచిపూడిలో ఎక్కువభాగం కృష్ణుని కథలే. "వేషం వేరు, మొక్కడం వేరు" అని మా అమ్మాయి అనేది. నాకు పూర్తిగా మనసొప్పలేదు. చేర్చిన రోజే గురువుగారితో, "మా పిల్ల పూజలో కూర్చోదు, ఆదివారం ఉదయం రాదు" అని చెప్పాం. ఆయన నొచ్చుకోలేదు, శనివారం సాయంత్రం రమ్మన్నారు. ఫాదర్ ఫ్రాన్సిస్ బర్బోజా క్రీస్తు చరిత్రను భరతనాట్యంలో ప్రదర్శించారని తరువాత తెలిసి ధైర్యం కలిగింది.

పదవ తరగతిలో మా అమ్మాయి మానేస్తానంది. ఏడేళ్ళ ఖర్చు, ఏడేళ్ళ బస్సు ప్రయాణం కళ్ళముందు తిరిగాయి. ఆ లెక్క పిల్లకు చెప్పకూడదని మేమిద్దరం అనుకున్నాం. గజ్జెలు బీరువాలో పెట్టాను. ఆరు నెలలు ఆ మాటే ఎత్తలేదు. పరీక్షలయ్యాక తనే అడిగి తీసుకుంది. తనతోపాటు చేరిన మరొక పిల్ల అలాగే మాని, మరి రాలేదు. ఆమె ఇప్పుడు నర్సుగా పనిచేస్తోంది. వాళ్ళమ్మ ఆ గజ్జెలను మా వీధిలో ఇంకో పాపకు ఇచ్చేసింది.