చూడదగిన చిత్రమేది?

క్రొత్త చిత్రము విడుదలైన ప్రతి శుక్రవారమును మన యిండ్లలో ఒక వాదము పుట్టును. చూడదగినదా, కాదా? దీనిని తేల్చుటకు మనవారు మూడు ప్రశ్నలు వేయుదురు. ఎన్ని కోట్లు వచ్చినవి? నాయకుడెవరు? అతడు మనవాడేనా? ఈ మూడును పనికిరాని ప్రశ్నలని నా వాదము. వీనిని నమ్ముకొనుటవలన వెంబకోట్టై, సాత్తూరు, కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు కలుగుచున్న నష్టము చిన్నది కాదు.

మొదట కోట్ల మాట. లెక్కలు వ్రాసి బ్రదికిన గుమాస్తాను గనుక ఈ అంకెలను చూచినపుడు నాకు నవ్వు వచ్చును. ప్రకటనలలో గొప్పగా అచ్చువేయునది చాల తరచుగా మొత్తపు వసూలు. అందులో పన్ను కలదు, హాలువారి వాటా కలదు, పంపిణీదారుని వాటా కలదు. అది లాభమే కాదు; ఇక గుణ మెట్లగును? 1980లో వచ్చిన 'శంకరాభరణం' ఆడిన హాళ్ళలో తొలిదినములందు జనము పలుచగానే యుండిరి. నోటిమాటవలన పిమ్మట నిండినవి. జాతీయ పురస్కారము సైతము దానికి లభించినది. మొదటి వారపు అంకెను చూచి తీర్పు చెప్పినవాడు ఏమి పోగొట్టుకొనియుండునో ఊహింపుడు.

ఇక నాయకుడు. ఒకే నటుడు మంచి చిత్రములోను నటించును, చెడ్డదానిలోను నటించును. ముఖమును చూచి టిక్కెట్టు కొనుట సీసాపై బొమ్మను చూచి మందు త్రాగుటవంటిది. 'మనవాడు' అను మాట అంతకంటె హానికరము. ఈ నల్లరేగడి నేలపై తెలుగు మాటలాడువారిలో నాయుళ్ళు కలరు, రెడ్లు కలరు, రాజులు కలరు, కంబళ నాయకులు కలరు, అరుందతియరులు కలరు. కులమును చూచి చప్పట్లు కొట్టువాడు తాను తెలుగును ప్రేమించుచున్నానని చెప్పుకొనరాదు.

మరి కొలబద్ద యేది? మన ఊరి చేరువనున్న విజయకరిసల్‌కుళములో 2022 మొదలు జరిగిన త్రవ్వకములలో శంఖపు గాజులు, పూసలు బయటపడినవి. చిన్న పూస పోకుండ మట్టిని జల్లించినట్లు మనమును చిత్రములను జల్లింపవలెను. ఆ చిత్రములోని మనుష్యులు ఒక ఊరివారుగా కనబడుచున్నారా? వారి తెలుగు ఒక నేలలో పుట్టినదేనా? చూచి వచ్చిన బిడ్డ ఆ రాత్రి అవ్వతో నాలుగు తెలుగుమాటలు ఎక్కువ ఆడునా? ఈ మూడు ప్రశ్నలే మనకు కావలసినవి.

2011 జనగణనలో ఈ రాష్ట్రమున తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడియున్నారు. అయినను మన బిడ్డలు ఇంటి తెలుగును నలుగురిలో పలుకుటకు సిగ్గుపడుచున్నారు. 'మనది చెడిపోయిన తెలుగు' అని పెద్దలే వారికి నేర్పిరి. చాలకాలము సినిమాయు అదే నేర్పినది: నాయకునికి ఒక తెలుగు, మిగిలిన ప్రాంతముల పలుకు హాస్యగానికి. ఆ కట్టును త్రెంచిన చిత్రములు కలవు. 2020లో వచ్చిన 'పలాస 1978' ఉత్తరాంధ్రపు పలుకుతో నడిచినది. 2023 నాటి 'బలగం' తెలంగాణ పల్లెమాటతో ఒక చావింటి కథ చెప్పగా, అచ్చటి పల్లెలలో జనము ఒక్కచోట గూడి తెర కట్టి చూచిరి. వారి యాసకు గౌరవము దక్కగా మన యాస యేల తక్కువైనది?

ఈ ప్రశ్నకు మన నేలయే జవాబు చెప్పినది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైశెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ ఈ కరిసల్ ప్రాంతపు పలుకుబడితోనే తమిళమున కథలు వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందెను. 2021లో కన్నుమూయువరకు తమిళ పాఠకులు ఆయనను 'నైనా' అని పిలిచిరి. తండ్రిని పిలుచుటకు మన యింటిలో వాడు మాట అది! పరాయివారు ప్రేమతో ఎత్తుకొన్న మాటను మనము దాచుకొందుమా?

'తమిళములోనికి మార్చిన ప్రతి వచ్చుచున్నది గదా, అది చాలదా?' అని కొందరందురు. చాలదు. 1955లో 'మిస్సమ్మ'ను తెలుగున రామారావుతోను, తమిళమున జెమినీ గణేశన్‌తోను విడివిడిగా తీసిరి. రెండును సొంత కాళ్ళపై నిలిచినవి. డబ్బింగు అట్టిది కాదు. పెదవుల కదలికకు సరిపడు మాటను వెదకవలసివచ్చుటచే సామెత పోవును, పిలుపు పోవును, యాస మొదటనే పోవును. తమిళ సోదరులను చూడుడు: 1978లో విడుదలైన బాలచందర్ 'మరోచరిత్ర' తెలుగులోనే మద్రాసు సఫైరు హాలులో ఏడాదికి పైగా ఆడినది. వారు తెలుగులో చూచిన దానిని మనము తమిళములో చూచుట వింత కాదా? నేను తమిళమునకు విరోధిని కాను. అది మనకు అన్నము పెట్టిన భాష. నా కోపము మన సోమరితనముపై.

'సినిమా వినోదమునకు గాని పాఠమునకు కాదు' అనుట మరియొక ఆక్షేపణ. తెలుగు బోధించు బడి మన బిడ్డలలో ఎందరికి అందుచున్నది? బడి లేనిచోట పాటయు కథయు తెరయు బడి పని చేయవలెను. నవ్వించుచునే చేయవచ్చును.

కావున నా కోరిక యిది. ఇంటి తెరపై అనేక చిత్రములకు భాషను ఎన్నుకొను వీలు కలదు. ఆ మీటను తెలుగువైపు త్రిప్పుడు. మన సంఘము నెలకొక చిత్రమును ఎంచి, హక్కుదారుల అనుమతితో, అన్ని కులముల తెలుగువారిని పిలిచి ప్రదర్శింపవలెను. ఎంపిక సభలో అవ్వలకును బడిపిల్లలకును చోటుండవలెను. కోట్ల అంకె నిర్మాత ఖాతాలోనిది. మన ఖాతాలో జమ కావలసినది బిడ్డ నోటి తెలుగుమాట.