పాత కంప్యూటర్ని పాత సామానుకి వేయొద్దు

మన స్టోరు రూములో విరిగిన బెంచీల వెనకాల ఒక పాత కంప్యూటరు ఉంది. లెక్కల సారు ఆన్ చేసి చూశారు, పనిచేస్తోంది. అయినా ఈసారి పాత సామానుతో పాటు దాన్ని కూడా అమ్మేస్తారని అందరూ అనుకుంటున్నారు. అమ్మకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, మీరే ఆలోచించండి.

ఆ పెట్టె వెనక 25 రంధ్రాలున్న పొడవాటి సాకెట్టు ఉంటుంది. దాని పేరు పారలల్ పోర్టు. 1970లో అమెరికాలోని సెంట్రానిక్స్ కంపెనీ తన ప్రింటరు కోసం తెచ్చిన పద్ధతి ఇది. 1981లో ఐ.బి.ఎం. పీసీ వచ్చాక ఈ 25 రంధ్రాల సాకెట్టు అంతటా వ్యాపించింది. తర్వాత యు.ఎస్.బి. వచ్చింది. ఇప్పటి కొత్త కంప్యూటర్లలో ఈ సాకెట్టు దాదాపు కనబడదు.

మరి ప్రింటరు లేకుండా అది దేనికి పనికొస్తుంది? నేర్చుకోవడానికి!

2వ పిన్ను నుంచి 9వ పిన్ను దాకా ఉన్న 8 పిన్నులు మనం చెప్పినట్టు వింటాయి. 18 నుంచి 25 దాకా గ్రౌండు. ఒక ఎల్.ఇ.డి. పొడుగు కాలుకి 1 కిలో ఓమ్ రెసిస్టరు కట్టి 2వ పిన్నుకి కలపాలి. పొట్టి కాలు 25వ పిన్నుకి కలపాలి. డాస్‌లో క్యూబేసిక్ తెరిచి "అవుట్ 888, 1" అని ఇంగ్లీషులో కొట్టి నడిపిస్తే దీపం వెలుగుతుంది. 1 బదులు 0 కొడితే ఆరిపోతుంది. 888 అంటే చాలా కంప్యూటర్లలో ఆ పోర్టు చిరునామా.

సంతలో తూకం రాళ్ళు కలిపి బరువు తూచినట్టే ఇదీనూ. 8 పిన్నుల విలువలు వరుసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128. 5 కొడితే 1, 4 విలువలున్న 2వ పిన్ను, 4వ పిన్ను పనిచేస్తాయి. 255 కొడితే ఎనిమిదీ పనిచేస్తాయి. బైనరీ అంటే ఏమిటో బట్టీ పట్టక్కర్లేదు, కళ్ళతో చూడొచ్చు.

కంప్యూటర్ పీరియడులో మనం ఒక్కో కంప్యూటరు ముందు నలుగురం కూర్చుని టైపు చేస్తున్నాం. టైపు కొట్టడమే కంప్యూటరు అనుకుంటున్నాం. మనం కొట్టిన అంకె కరెంటుగా మారి తీగలోకి వస్తుందని ఎప్పుడు తెలుసుకుంటాం?

"పోర్టు కాలిపోతే?" అని కొందరి భయం. భయం న్యాయమే. అందుకే నియమాలు పెట్టుకోవాలి. రెసిస్టరు లేకుండా దీపం కలపరాదు. మోటారుని నేరుగా పిన్నుకి తగిలించరాదు, మధ్యలో యు.ఎల్.ఎన్. 2003 చిప్పు, వేరే బ్యాటరీ ఉండాలి. 230 వోల్టుల కరెంటు జోలికి అసలు పోరాదు. సారు దగ్గర లేనిదే తీగ ముట్టుకోరాదు.

"ఇప్పుడు ఆర్డుయినో బోర్డులున్నాయి కదా, ఈ పాతది ఎందుకు?" అని ఇంకొందరు అంటారు. 2005లో ఇటలీలో మొదలైన ఆ బోర్డు మంచిదే. ఇస్తే సంతోషంగా తీసుకుందాం. కానీ దాన్ని కొనాలి, ఇది మన గదిలోనే ఉంది. కాలినా నష్టం తక్కువ. కొత్త కంప్యూటర్ల మీద ఇలాంటి ప్రయోగాలు ఎవరు చెయ్యనిస్తారు? పైగా విండోస్ ఎక్స్‌పీ లాంటివి ప్రోగ్రాముని నేరుగా పోర్టు ముట్టుకోనివ్వవు. పాత డాసే మనకి స్నేహితుడు.

పాత ఇనుము కింద అమ్మితే ఎంతొస్తుంది? ఉంచుకుంటే ఏటా ఎంతమంది నేర్చుకుంటారు? లెక్క వేసి చూడండి.

ప్రిన్సిపాల్ గారికి మా మనవి: ఆ కంప్యూటర్ని అమ్మించకండి. శనివారం సాయంత్రం ఒక్క గంట మాకు ఇప్పించండి. తమ్ముళ్ళూ, మీరు కూడా రండి. దీపం వెలిగించడం మన చేతుల్తోనే మొదలుపెడదాం!

— పదో తరగతి విద్యార్థి