ఇల్లూ వాకిలీ: బట్టలకొక గది



పిల్లలు పెద్దవాళ్ళయి ఉద్యోగాలకూ అత్తవారిళ్ళకూ వెళ్ళిపోయాక చాలా ఇళ్ళల్లో ఒక గది మిగిలిపోతుంది. అలా మిగిలిన గది ఎన్నాళ్ళో ఖాళీగా వుండదు. మొదట ఇస్త్రీ బల్ల వచ్చి చేరుతుంది. దాని వెనకాలే పాత పరుపు, కాలు విరిగిన కుర్చీ, పెళ్ళిళ్ళలో వచ్చిన స్టీలు సామాను, అటక మీద పట్టని ట్రంకుపెట్టె ఒక్కొక్కటే దిగుతాయి. రెండేళ్ళు తిరిగేసరికి అది గది కాదు, గోడౌను. మరోపక్క పడకగదిలోని బీరువాలు తలుపు పడనంతగా కిక్కిరిసి వుంటాయి. ఒక చీర లాగితే నాలుగు చీరలు కిందపడతాయి.

ఆ గదిని శుభ్రపరచి ఇంటిల్లిపాది బట్టలూ అక్కడే అమర్చుకుంటే ఎంత బాగుంటుంది! పైదేశాల ఇళ్ళల్లో దీనిని వాకిన్ క్లాజెట్ అంటారు. మనం బట్టల గది అందాం. పేరు కొత్తదేగాని పని మనకు బొత్తిగా కొత్తది కాదు. పూర్వం మన ఇళ్ళల్లో రోజూ కట్టుకునే బట్టలు దండెం మీద వుండేవి. చొక్కా, కండువా చిలక్కొయ్యకు వేలాడేవి. మడిబట్టకు ఎవరి చెయ్యీ తగలని ఎత్తున వేరే దండెం. పట్టుబట్టలు భోషాణంలో. దేని చోటు దానిదే. ఇప్పుడు బట్టలు పెరిగాయి, చోట్లు చెరిగిపోయాయి. అంతే తేడా.

గది నిజంగా ఖాళీయేనా?

వడ్రంగిని పిలవడానికి ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. మనకు ఖాళీగా కనబడే గది ఇంకొకరికి ఖాళీ కాకపోవచ్చు. అది మామగారు మధ్యాహ్నం కునుకు తీసే గది కావచ్చు. అమ్మాయి పురిటికి వస్తే పడుకోవలసిన గది కావచ్చు. మనుషులను హాల్లోకి నెట్టి చీరలకు గది కట్టబెట్టడం ఇంటికి అందం కాదు. కనుక పెద్దలను ముందుగా అడగండి. పని మొదలయ్యాక చెప్పడం అడగడం అనిపించుకోదు. ఇంట్లో అదనపు గది అదొక్కటే అయితే సగమే వాడుకోండి. ఒక గోడ పొడుగునా బట్టల ఏర్పాటు చేసి, ఎదుటి గోడ పక్కన ఒక మంచానికి చోటు వుంచండి. బట్టలు కాస్త సర్దుకుంటాయి, పుట్టింటికి వచ్చిన పిల్ల సర్దుకోనక్కరలేదు.

కొలతలు

10 అడుగుల పొడుగు, 8 అడుగుల వెడల్పు గల గది అనుకుందాం. హాంగరుకు తగిలించిన బట్ట గోడకు రాసుకోకుండా వుండాలంటే 2 అడుగుల లోతు కావాలి. రెండు పక్కలా రెండేసి అడుగులు పోయినా నడుమ 4 అడుగుల దారి మిగులుతుంది. గది వెడల్పు 6 అడుగులే అయితే ఒక పక్కనే పెట్టుకోండి. దారి 3 అడుగులకు తగ్గితే వంగి కింది అరలోనిది తీయడం కష్టం.

చొక్కాలు, రవికలు, మడిచి వేసిన పంట్లాములు వేలాడడానికి 40 అంగుళాల ఎత్తు చాలు. కాబట్టి నేలనుంచి 40 అంగుళాల మీద ఒక కడ్డీ, 80 అంగుళాల మీద మరొకటి వేస్తే అదే గోడకు రెట్టింపు బట్టలు పడతాయి. పొడుగాటి లంగాలకు, పంజాబీ దుస్తులకు అయిదున్నర అడుగులు వదలాలి. కడ్డీకి మూడడుగులకొక ఆనిక తప్పదు. అరల చెక్కకూ అంతే. ఆనిక లేకపోతే ఏడాది తిరగకుండానే నడుము వంగుతుంది.

మడత చీరల అర 15 అంగుళాల లోతుంటే సరిపోతుంది. అరకూ అరకూ మధ్య అడుగు కంటె ఎక్కువ వదలకండి. ఎక్కువ చోటుంటే మనం ఎక్కువ పేరుస్తాం. అయిదారు చీరలకు మించి ఒక దొంతి పెడితే అడుగు చీర మడత నలిగిపోతుంది, దాన్ని తీసేవారూ వుండరు.

అన్నిటికంటె కింది అర నేలకు ఒక అడుగు పైన వుండాలి. 2015 డిసెంబరులో చెన్నై వరద చూసినవారికి, 2013 అక్టోబరులో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానును బరంపురంలో అనుభవించినవారికి, 1996 నవంబరు తుపాను గుర్తున్న యానాం వారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. అంతటి నీటికి అడుగు ఎత్తు చాలదు, నిజమే. కాని కిటికీలోంచి కొట్టిన జల్లుకూ, నేల ఊరే చెమ్మకూ అది చాలు. విలువైన పట్టుబట్టలు మాత్రం ఎప్పుడూ పై వరుసల్లోనే.

పెద్దవారు రోజూ తీసుకునే బట్టలు వాళ్ళ నడుము ఎత్తుకూ భుజం ఎత్తుకూ మధ్యనే వుంచండి. అత్తగారు స్టూలెక్కి చీర తీసుకోవలసిన గది ఎంత ముచ్చటగా వున్నా అది మంచి గది కాదు.

ఇదంతా డబ్బున్నవాళ్ళ మాట అనుకోకండి. ఇంట్లో వున్న ఉక్కు బీరువాలను ఈ గదిలోకి జరిపితే సగం పని అయినట్లే. పాత ట్రంకుపెట్టె మీద చిన్న పరుపు వేస్తే కూర్చుని చీర మడత పెట్టుకునే బల్ల అవుతుంది. కొనవలసినవి నాలుగు ఇనుపగొట్టాలు, కొన్ని చెక్కలు, ఒక నిలువుటద్దం. తలుపులు పెట్టకపోయినా నష్టం లేదు. పాత నేత దుప్పటి తెరగా కడితే దుమ్ము ఆగుతుంది.

గాలి ముఖ్యం

బట్టల గదిలో చాలామంది మొదట మూసేది కిటికీ. అక్కడ బీరువా నిలబెడితే గోడ కలిసివస్తుందని ఆశ. అలా చేయకండి. బట్టకు పురుగుకంటె ముందు శత్రువు చెమ్మ. బీరువాను బయటి గోడకు ఆనించక మూడంగుళాలు వదిలితే వెనక బూజు పట్టదు. ఎండ నేరుగా పడితే రంగు వెలుస్తుంది గనుక కిటికీకి పలుచని తెర కట్టండి. దీపానికి ఎల్‌ఇడి బల్బు మేలు, వేడి తక్కువ.

మనం వున్న ఊళ్ళు ఒక్క తీరువి కావు. షోలాపురంలో చాలాకాలం పొడిగానే వుంటుంది. అక్కడ చెమ్మకంటె దుమ్ము బెడద ఎక్కువ. తెర, మూత అవసరం. బెంగుళూరులో వానాకాలపు చల్లదనానికి బీరువా లోపల ముక్కవాసన వేస్తుంది. చెన్నైలో అక్టోబరునుంచి డిసెంబరుదాకా వానలు. బరంపురం, యానాం వంటి ఊళ్ళల్లో ఏడాది పొడుగునా సముద్రపు గాలి చెమ్మ. ఈ తీరప్రాంతాలవారు పొడిగా వున్న రోజున తలుపులన్నీ తెరచి, ముసురు రోజున మూసి వుంచాలి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయక అరల మూలల్లో వేయండి. చిన్నపిల్లలకు మాత్రం అందనీయకండి.

పట్టుచీరను ప్లాస్టిక్ సంచిలో పెట్టడం మంచిది కాదు. లోపలి చెమ్మ బయటికి పోదు. మెత్తబడిన పాత తెల్లపంచె ముక్కలో చుట్టండి, అంతకు మించినది లేదు. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత వేసినది. వెండి గాలికీ చెమ్మకూ నల్లబడుతుంది. అత్తరు నేరుగా జరీ మీద చల్లకూడదన్నది అందుకే. ఇనుప హాంగరు తుప్పు మరక చేస్తుంది; కర్రది వాడండి. బరువైన జరీచీర వేలాడదీయడం కంటె మడిచి పరచడమే క్షేమం. మూడు నాలుగు నెలలకొకసారి విప్పి, నీడలో ఆరవేసి, మడతలు మార్చి మళ్ళీ పెట్టండి. ఒకే మడతలో ఏళ్ళ తరబడి వున్న చీర సరిగ్గా ఆ గీత దగ్గరే చిరుగుతుంది.

గంజి పెట్టిన నూలుబట్టను దాచకండి. వెండిలా మెరిసే సన్నని పురుగు ఆ గంజికే వస్తుంది. చెమట మరకతో దాచిన ఉన్నిబట్టకూ పట్టుకూ చిమ్మట పడుతుంది. ఉతికి ఆరినదే లోపలికి పోవాలి. వేపాకు, వట్టివేళ్ళు, లవంగాలు మన పెద్దలు వేసేవారు. అవి మంచివే, వాసనకు పురుగు కొంత దూరంగా వుంటుంది; కాని శుభ్రత లేనిచోట అవి ఏమీ చేయలేవు.

ఇక కలరా ఉండల సంగతి గట్టిగా చెప్పాలి. పసిపిల్లల బట్టల దగ్గర వాటిని వుంచవద్దు. పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము కొరత వున్న శిశువులు కొందరుంటారు. కలరా ఉండలతో దాచిన బట్టలు తొడిగితే అటువంటి బిడ్డకు ఎర్ర రక్తకణాలు చిట్లి, రక్తం తగ్గి, తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ కొరత వున్నదీ లేనిదీ బిడ్డను చూస్తే తెలియదు. పెద్దబిడ్డకు వాడిన చొక్కాలు చిన్నబిడ్డకు తీసిపెట్టడం మనకు ఆనవాయితీ. మంచి ఆనవాయితీయే. ఆ మూట మాత్రం ఉండలు లేకుండా విడిగా వుండాలి, తొడిగేముందు ఉతికి ఎండలో ఆరవేయాలి. పసివాడి ఒళ్ళు పచ్చబడితే ఎండ చూపిస్తే పోతుందని ఆగకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఏది వుంచాలి, ఏది ఇవ్వాలి

గది పెద్దదయ్యేకొద్దీ దాచాలన్న ఆశ కూడా పెద్దదవుతుంది. అందుకని గదిలోకి చేర్చేముందే బట్టలన్నీ నేలమీద పోసి మూడు కుప్పలు చేయండి. కట్టుకునేవి ఒకటి. కట్టుకోకపోయినా ఇంటికి గుర్తుగా వుండవలసినవి ఒకటి. ఇచ్చివేయవలసినవి ఒకటి. రెండేళ్ళుగా ఒంటిమీదికి ఎక్కని మామూలు బట్ట మూడో కుప్పకే పోవాలి. ఇచ్చేది చిరుగు లేకుండా, గుండీలు సరిచేసి, ఉతికి ఇవ్వండి. పుచ్చుకునేవారికీ మర్యాద వుంటుంది. మెత్తబడిన నూలుచీరలు బొంతకు పనికివస్తాయి. నైలాను, పాలియెస్టరు బట్టలను భోగిమంటలో వేయకండి. ఆ పొగ పిల్లలకు మంచిది కాదు. పాత జరీ కొంటామని గుమ్మంలోకి వచ్చేవారికి చీర తొందరపడి ఇచ్చివేయకండి. తెలిసినచోట చూపించి, వెండి ఎంతో తెలుసుకున్న తరువాతే బేరం.

రెండో కుప్ప దగ్గరే చెయ్యి ఆగుతుంది. అక్కడ అత్తాకోడళ్ళు ఇద్దరూ కూర్చోవాలి.

“అత్తయ్యా, ఇది ఎవరిది? రంగంతా వెలిసిపోయింది, ఇచ్చేద్దామా?”

“అది మా అమ్మ నాకు పెట్టిన బరంపురం పట్టమ్మా. అంచు మీద కుంభాలు చూడు. మీ ఆయన అన్నప్రాశననాడు అదే కట్టుకున్నాను.”

ఆ రెండు మాటలు విన్న తరువాత ఆ చీర ఇక పాతచీర కాదు. అవి వినకపోతే, అత్తగారి తరువాత అది ఎవరిదో చెప్పేవారు లేక మూడో కుప్పలోకి పోతుంది. పోవడం కోడలి తప్పు కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అందుకని బట్టల గదిలో ఒక నోటుపుస్తకం వుంచండి. దాచిన ప్రతి బట్టకూ ఒక అంకె. పుస్తకంలో ఆ అంకె ఎదురుగా అది ఏ ఊరి నేత, ఎవరు ఎవరికి ఏ సందర్భంలో పెట్టారు, ఏ అరలో వుంది, చివరిసారి ఎప్పుడు మడత మార్చారు అన్నది రాయండి. మన ఇళ్ళల్లో అన్ని ఊళ్ళ నేతలూ వుంటాయి. కంచిపట్టు, ఇల్కల్ చీర, పైఠణీ, ఉప్పాడ జాందానీ, షోలాపురం దుప్పటి. తరాల తరబడి మనం ఏయే ఊళ్ళల్లో మసలినదీ, ఎవరెవరితో వియ్యమందినదీ ఆ అరలు చూస్తే తెలుస్తుంది.

ఆ పుస్తకం తెలుగులో రాయండి. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడినా రాయవలసిన అవసరం వాళ్ళకు కలగడం లేదు. సెలవుల్లో మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొని, అమ్మమ్మ చెబుతుంటే అది రాస్తూపోతే రోజుకు నాలుగు పంక్తులవుతాయి. తప్పులు వస్తే రానివ్వండి. అంచు, చెంగు, పేట, బుటా, కుచ్చెళ్ళు అన్న మాటలు పుస్తకాలలో వెతుక్కోకుండానే ఆ పిల్లకు అబ్బుతాయి. ఆ మాట అన్నప్పుడు ఆ బట్ట చేతిలో వుంటుంది మరి.

మడతలు మార్చడానికి రోజులు ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. షోలాపురం, బెంగుళూరు వారికి వానలు వెనకబట్టాక, దీపావళి దాటిన పొడిరోజులు అనువైనవి. బరంపురం, యానాం వారికి కార్తీకం వెళ్ళాక. చెన్నైవారికి భోగి ముందు, ఇల్లు దులిపే వారంలో. ఆ తరువాత వేసవి మొదట్లో ఒకసారి, వానలకు ముందు ఒకసారి. ఒక్కొక్కసారికి ఒక్క పూట చాలు. ఒక్కరే చేస్తే అది చాకిరీ అవుతుంది. కనుక ఆ పూట ఇంట్లో వున్నవారందరినీ పిలవండి. పెద్ద చీర మడత పెట్టడానికి ఎలాగూ ఇద్దరు కావాలి.