ఖాళీ పీరియడు ఎవరిది?

పరీక్షలు సమీపించినపుడెల్ల మన కళాశాలలో ఒక వేడుక జరుగును. డ్రాయింగు కాగితము కొని, స్కేలుతో నిలువు గీతలు, అడ్డ గీతలు గీసి, ఎర్రసిరాతో గంటలును నల్లసిరాతో సబ్జెక్టులును వ్రాసి గోడకు అతికించుట ఆ వేడుక. ఉదయము 5 నుండి 7 వరకు అర్థశాస్త్రము, 7 నుండి 8 వరకు ఆంగ్లము, సాయంకాలము 6 నుండి 9 వరకు వాణిజ్యశాస్త్రము. గత సంవత్సరము మేమును ఐదుగురము కలిసి ఇట్టి పట్టికలు వ్రాసికొంటిమి. మూడవ దినము నాటికి ఒక్కటియు నిలువలేదు. సోమరితనమని పెద్దలు మందలించిరి. మేమును అట్లే తలచి సిగ్గుపడితిమి. కాని పరీక్షలైన పిమ్మట ఆ పట్టికలను ముందు వేసికొని, ఏ గంట ఎందువలన తప్పినదో గుర్తులు పెట్టి చూడగా వేరొక సంగతి బయటపడినది. దానిని విద్యార్థి మిత్రులకును, కళాశాల కమిటీ పెద్దలకును మనవి చేయగోరుచున్నాము.

మాలో ఒకరు కళాశాల విడిచినది మొదలు రాత్రి 9 వరకు మేనమామగారి గాజుల దుకాణములో కూర్చుండవలెను. బేరము లేనపుడు పుస్తకము తెరువవచ్చును గాని, బేరము ఎప్పుడు వచ్చునో ఎవరికి తెలియును? మరియొకరి వీధిలో మునిసిపాలిటీ కుళాయి ఒకనాడు తెల్లవారుజామున 4 గంటలకు, ఒకనాడు 7 గంటలకు వచ్చును. ఉదయపు అర్థశాస్త్రమంతయు బిందెల వరుసలో గడచినది. ఇంటికి పెద్ద కూతురైన మా మిత్రురాలు సాయంకాలము 6 నుండి 9 వరకు అని వ్రాసికొన్న మూడు గంటలును రొట్టెలు చేయు వేళ, చుట్టములు వచ్చు వేళ. పైగా మగ్రిబ్ నమాజు సూర్యాస్తమయమును బట్టి వచ్చును. చలికాలమున 6 గంటలకు లోపే, వేసవిలో ఆరున్నర దాటిన పిమ్మట. దానిని లెక్కకు తీసికొనక ఏడాది పొడుగునా ఒకే గీత గీయుట మా అందరి తెలివితక్కువ. మిగిలిన ఇరువురికి ఇట్టి అడ్డంకులేవియు లేవు. వారి పట్టికలను చెరిపినది సెల్ ఫోనే. వారి పక్షమున మేము వాదింపబోము.

దినమును భాగములుగా పంచి, ఒక్కొక్క భాగమునకు ఒక్క పనినే నియమించుట నేటి ఉపాయము కాదు. తెలుగున జాము అన్నను, ఉర్దూలో పహర్ అన్నను కొలత ఒక్కటే, మూడు గంటలు. రాత్రింబగళ్లు కలిసి ఎనిమిది. రెండు పహర్లు గడచిన వేళ గనుక అది దోపహర్. కాపలా కాయు పహరాయును ఆ పహర్ నుండి పుట్టిన మాటయే. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో 24 గంటల పట్టికను వ్రాసిపెట్టెను: ఉదయము 5 గంటలకు లేచుట, 8 నుండి 12 వరకు పని, 12 నుండి 2 వరకు చదువు, లెక్కలు చూచుట, భోజనము, 2 నుండి 6 వరకు మరల పని, రాత్రి 10కి నిద్ర. కాలపాలనను గూర్చి ఉపన్యసించువారు తరచుగా ఈ పట్టికను చూపుదురు. ఆ వెంటనే ఆయన వ్రాసినదానిని మాత్రము చెప్పరు. తన నియమములన్నిటిలో ఈ క్రమపాలనయే తన్ను ఎక్కువ బాధించినదనియు, తన గంటలు తన చేతిలో నుండు అచ్చుకూటపు పనివానికి ఇది సాధ్యము కావచ్చును గాని, నలుగురితో వ్యవహరించుచు వారు వచ్చిన వేళకు వారిని కలిసికొనవలసిన యజమానికి యథాతథముగా సాధ్యము కాదనియు ఆయనయే ఒప్పుకొనెను. గాజుల దుకాణములో మా మిత్రుని స్థితియు అదియే గదా!

కావున పట్టిక గీయుటకు ముందు అడుగవలసిన ప్రశ్న, ఈ గంట ఎవరిది అనునదే. ఇంటి గంటలు ఇంటివారివి, దుకాణపు గంటలు దుకాణమువి. అవి పోగా, మావంటివారికి నిజముగా మిగులునవి కళాశాలలోని ఖాళీ పీరియడ్లు మాత్రమే. మా తరగతికి వారమునకు అట్టివి ఆరు కలవు. ఒక్కొక్కటి 50 నిమిషములు; అనగా 300 నిమిషములు. వినుటకు గొప్పగానే ఉన్నది. కాని సోమవారము రెండవ పీరియడు, మంగళవారము నాల్గవది, ఇట్లు దినమున కొకటి చొప్పున చెదరియున్నవి. గ్రంథాలయమునకు నడచి, చీటీ వ్రాసి, పుస్తకము చేతికందుకొని, కుర్చీ చూచుకొను సరికి పదిహేను నిమిషములు. గంట కొట్టక మునుపే మరల సర్దుకొని లేచుటకు ఐదు. మిగిలిన అరగంటలో లెక్క సగములో ఆగిపోవును.

ఆగిన పని మనస్సును అంత సులభముగా విడువదు. సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు 2009లో ప్రకటించిన ప్రయోగములలో, ఒక పనిని ముగింపక వేరొక దానికి మరలినవారి ధ్యాస కొంత మొదటిదాని యందే చిక్కుకొని, రెండవ పని చెడుచున్నదని తేలినది. సగములో విడిచిన బ్యాలన్సు షీటును తలచుకొనుచు చరిత్ర పాఠము వినువాని గతి మాకు ప్రయోగము లేకయే తెలియును.

ఇక పట్టిక వ్రాయువారు చేయు తప్పు ఒకటి కలదు. ఇందులో మాకెవ్వరికిని మినహాయింపు లేదు. మనస్తత్వశాస్త్ర విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసములను ఎన్ని దినములలో ముగింతురో ముందుగా వారినే అడిగి, పిదప నిజముగా పట్టిన కాలముతో సరిచూచిన పరిశీలన 1994లో వెలువడినది. వారి అంచనా సగటున 33.9 దినములు, పట్టినది 55.5 దినములు. మేము ఒక అధ్యాయమునకు గంట చాలునని వ్రాసినచోట గంటన్నర పట్టుటకు ఆశ్చర్యమేల? అందుచేత ఈ ఏడాది మేము రెండు భాగముల నడుమ ఒక భాగమును ఏమియు వ్రాయక ఖాళీగా విడుచుచున్నాము. తప్పిన పని అందులోనికి వచ్చి చేరును. ఏదియు తప్పనినాడు ఆ వేళ విశ్రాంతికి. అట్టి నాళ్లు ఇంతవరకు రెండే వచ్చినవి.

కమిటీ పెద్దలకు మా కోరిక ఇది. ఆ ఆరు ఖాళీ పీరియడ్లను రెండేసి చొప్పున జతపరచి, వారమునకు మూడు దినములు ఏకధాటిగా 100 నిమిషములు మాకు ఇప్పించవలెను. అధ్యాపకుల సంఖ్య పెరుగనక్కరలేదు, బోధన గంట ఒక్కటియు తగ్గదు. కొందరు అధ్యాపకులు తమకు వీలైన వేళలలోనే రాగలరు గనుక టైంటేబిలు అంత తేలికగా కుదరదని మాకును తెలియును. అందరికిని ఒకేసారి కుదరనిచో మా తరగతికి ఒక్క టర్ము మాత్రము చేసి చూడవచ్చును. రెండు పీరియడ్లు కలిసివచ్చిన విద్యార్థి గ్రంథాలయమునకు గాక సినిమా హాలుకు పోవునని ఒక అధ్యాపకులు మాతో నవ్వుచు అనిరి. పోవువారు పోవుదురు, వారు ఒక్క పీరియడు వ్యవధిలోను క్యాంటీనుకు పోవుచునే ఉన్నారు. ఆ కొందరి కొరకు, ఇంటికి పోయిన పిమ్మట పుస్తకము తెరువ వీలులేని మిత్రురాలి 100 నిమిషములను ముక్కలుగా ఉంచుట న్యాయము కాదని మా అభిప్రాయము.

రెండవ కోరిక గ్రంథాలయమును గూర్చి. చివరి గంటతోనే దానికి తాళము పడుచున్నది. వారమున మూడు దినములైనను మరియొక గంట తెరచియుంచిన, దుకాణములకు పోవలసిన పని లేనివారు కూర్చుండగలరు. సిబ్బంది చాలరన్న చిక్కు కలదు. పుస్తకములు ఇచ్చిపుచ్చుకొనుట అక్కరలేదు, చదువుకొను గది మాత్రము చాలును. ఆ గంట గదిని కనిపెట్టియుండి, దీపములార్పి, తాళపుచెవిని కాపలాదారునికి అప్పగించు బాధ్యతకు మా ఐదుగురిలో వీలైన ముగ్గురి పేర్లను, వారములతో సహా, లైబ్రేరియనుగారికి వ్రాసి ఇచ్చియున్నాము.