బొమ్మలేసే చేతికి ఏ డిగ్రీ?



వార్షికోత్సవం వచ్చిందంటే స్టేజీ వెనక బ్యానరు రాయడానికి, సంచిక అట్ట మీద బొమ్మ వేయడానికి ప్రతి హాస్టల్లో ఒకరిద్దరు ఉంటారు. "వీడి చేతిలో కళ ఉంది" అని అందరూ మెచ్చుకుంటారు. ఇంటర్ అయిపోగానే ఆ పిల్లవాణ్ణి స్నేహితులంతా చేరిన బి.కాం.లోనో, ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుంది కదా అని ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీలోనో చేర్చేస్తారు. బొమ్మలకు కూడా డిగ్రీ ఉందని చెప్పేవారే తక్కువ. చెప్పినా "ఫైన్ ఆర్ట్స్‌లో చేరిపోరా" అని ఒక్క ముక్కతో సరిపెడతారు.

నా దృష్టిలో అది సగం సలహా. బి.ఎఫ్.ఎ. నాలుగేళ్ల చదువు. అందులో పెయింటింగ్ వేరు, శిల్పం వేరు, అప్లైడ్ ఆర్ట్ వేరు, యానిమేషన్ వేరు, ఫొటోగ్రఫీ వేరు. డిజైన్ డిగ్రీలు మళ్లీ వేరు. "నాకు బొమ్మలు బాగా వస్తాయి" అన్నంత మాత్రాన ఇవన్నీ మనకు సరిపోవు. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెయ్యి ఏ పని చేస్తే విసుగు రాదో ఆ పనిని చూసి కోర్సు ఎంచుకోవాలి గానీ, కాలేజీ పేరు చూసి కాదు.

అది తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. ఒక ఆదివారం పెన్సిలు, పుస్తకం తీసుకుని వీరభద్రస్వామి గుడికి పోండి. 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలు పైకప్పు మీద ఉన్నాయి. తల పైకెత్తి చూసి మీకు నచ్చింది గీసుకోండి. సాయంత్రం పుస్తకం తిరగేస్తే మీ సంగతి మీకే తెలుస్తుంది. ఒకరు ఆ స్త్రీల చీరల అంచులు, పువ్వులు, గళ్లు మాత్రమే గీసుకొచ్చి ఉంటారు. వాళ్లది టెక్స్‌టైల్ డిజైన్ కన్ను. ఇంకొకరు దూడను పోగొట్టుకున్న ఆవుకు న్యాయం చేసిన చోళరాజు కథను వరుసగా, ఒక ఘట్టం తర్వాత ఒకటిగా గీసి ఉంటారు. వాళ్లు యానిమేషన్ గురించి ఆలోచించవచ్చు. మరొకరు గుడి వదిలేసి, 27 అడుగుల పొడవున్న బసవన్న చుట్టూ నాలుగు వైపుల నుంచి తిరిగి ఉంటారు. రాయి బరువు, వంపు తెలిసిన వాళ్లకు శిల్పం. ఒకే ముఖం దగ్గర పొద్దంతా కూర్చున్నవాళ్లు పెయింటింగ్ వైపు వాళ్లు.

యానిమేషన్ అనగానే అందరూ కంప్యూటర్ అనుకుంటారు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటకు పోయి చూడండి. తోలు పలుచగా చేసి, రంగులు వేసి, చిల్లులు కొట్టి, చేతులూ కాళ్లూ విడివిడిగా కీలు కట్టి, వెనక దీపం పెట్టి ఆడిస్తారు. బొమ్మకు కదలిక ఎక్కడినుంచి వస్తుందో కంప్యూటర్ కంటే ముందే తెలిసిన ఊరది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఒక హెచ్చరిక. తెర మీద ఒక సెకనుకు 24 ఫ్రేములు పోతాయి. ఒకే బొమ్మను కొద్దికొద్ది తేడాతో పదేపదే గీసే ఓపిక లేకపోతే కార్టూన్ సినిమాలు ఎంత ఇష్టమైనా ఆ కోర్సు వద్దు.

ధర్మవరం మగ్గాల ఇళ్ల పిల్లలు తమకు బొమ్మలు రావని అంటుంటారు. నాకు నవ్వొస్తుంది. జాకార్డ్ కోసం గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి, ఆ గళ్ల లెక్క ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టే పని ఇంట్లో చూస్తూ పెరిగినవాళ్లు వాళ్లు. నిఫ్ట్‌లో టెక్స్‌టైల్ డిజైన్ చదివేవారు డబ్బు కట్టి నేర్చుకునేది ఇందులో చాలా ఉంది. డిగ్రీ దాకా ఆగలేని ఇంటివాళ్లకు వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సంస్థలో పది పాసైతే చేరే మూడేళ్ల డిప్లొమా ఉంది.

పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు రావడం మొదలైనప్పటినుంచి మన పిల్లలకు ఫ్యాక్టరీ అంటే ఐ.టి.ఐ., డిప్లొమాలే గుర్తొస్తాయి. తప్పులేదు. కానీ ఆ కారు ముందు భాగానికి ఆ ముఖం ఇచ్చింది పీటర్ ష్రైయర్ అనే జర్మన్ డిజైనర్. ఆయన మ్యూనిక్‌లో ఇండస్ట్రియల్ డిజైన్, లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో వాహనాల డిజైన్ చదివాడు. మన రాష్ట్రంలో కూడా 2015 నుంచి జాతీయ డిజైన్ సంస్థ, అంటే ఎన్.ఐ.డి. ఉంది.

ఇక ఇంట్లో అడిగే ప్రశ్న: "బొమ్మలు కూడు పెడతాయా?" అమ్మానాయనలు అలా అడగడం న్యాయమే. కూలి డబ్బుతో చదివించేవారికి ఆ మాట అడిగే హక్కు ఉంది. నిజాయితీగా చెప్పాలంటే అప్లైడ్ ఆర్ట్, టెక్స్‌టైల్ చదివినవారికి పని త్వరగా దొరుకుతుంది. కాకపోతే అక్కడ మన ఇష్టం కంటే పని ఇచ్చినవాడి ఇష్టం ముఖ్యం. "అక్షరాలు పెద్దవి చెయ్" అంటే చెయ్యాలి. పెయింటింగ్ చదివినవారి చేతిలో ఉద్యోగం తెచ్చి పెట్టేవారుండరు. అయినా చెప్పుకోవలసింది ఉంటే ఆ దారే సరైనది. నాగపూర్‌లోను, బరోడాలోను చదివిన సవి సావర్కర్ అంటరానితనాన్ని, జోగినీ వ్యవస్థను తన చిత్రాల్లోకి తెచ్చాడు. ఆ పని పోస్టర్ల కంపెనీలో కుదిరేది కాదు. డ్రాయింగ్ మాస్టరు కావాలనుకునేవారు రాసే లోయర్, హయ్యర్ పరీక్షలు, టి.టి.సి. వేరు, డిగ్రీ వేరు. ఈ రెండింటినీ కలిపి అయోమయపడవద్దు.

మన జిల్లాకు దగ్గర్లో, కడపలో 2020లో ఏర్పడిన డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ కాలేజీ 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కింద నడుస్తోంది. హిందూపురం నుంచి బెంగళూరు దగ్గర కాబట్టి అక్కడి చిత్రకళా పరిషత్ పేరు మీరు వినే ఉంటారు. ఊరూరా తిరిగి "వంద శాతం ఉద్యోగం" అని సీట్లు అమ్మే ఏజెంట్ల మాట మాత్రం వినకండి. అక్కడ ఇచ్చేది యూనివర్సిటీ డిగ్రీయా, వట్టి సర్టిఫికెట్టా అని ముందు అడగండి. మొదటి ఏడాది అందరికీ ఒకే పాఠమా, చేరేటప్పుడే శాఖ ఎంచుకోవాలా అన్నదీ అడగండి. మొదటి పద్ధతి మనలాంటివారికి మేలు, ఆలోచించుకోవడానికి ఒక ఏడాది దొరుకుతుంది.

ఫీజు సంగతి. రంగులు, కాన్వాసు, కెమెరా, కంప్యూటర్ ఖర్చు ట్యూషన్ ఫీజులోకి రాదు. సీనియర్లను అడిగి ఆ లెక్క ముందే రాసుకోండి. నిఫ్ట్ లాంటి సంస్థల్లో సీటు వచ్చిన ఎస్సీ విద్యార్థులకు కేంద్రం టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. ఒక్కో సంస్థకు ఇన్నే అని ఉంటాయి కాబట్టి చేరేముందే కనుక్కోవాలి. నిఫ్ట్ పరీక్షలో ఇంగ్లీషు ప్రశ్నలు కూడా ఉంటాయి. తెలుగు మీడియం వాళ్లు జూనియర్ ఇంటర్ నుంచే రోజూ కొంత చదువుకోవాలి. ఎన్.ఐ.డి., నిఫ్ట్ దరఖాస్తుల గడువు చలికాలంలోనే అయిపోతుంది. మార్చి పరీక్షలయ్యాక చూద్దామంటే ఆ ఏడాది పోయినట్టే. కులం, ఆదాయం సర్టిఫికెట్లు దసరా సెలవుల్లో ఊరికి పోయినప్పుడే తెచ్చి పెట్టుకోండి.